తాడు కట్టని మూల

ఏటిమొగపాలెంలో పోలేరయ్య పేరెత్తితే ఒకే కథ చెబుతారు. బడి అటకకు చెక్క ఎంచి తెమ్మని పాలెమంతా కలిసి ఆయనను గూడూరు పంపితే, ఆయన కొట్టువాడి దగ్గర కొత్త తువ్వాలు పుచ్చుకుని పనికిమాలిన చెక్క బండికెత్తించుకుని వచ్చాడట. అది నిలవదని తనకు ముందే తెలుసు కనుక, తనవాళ్ళు కూర్చునే వైపు మాత్రం తాళ్ళు బిగించి ఊరుకున్నాడట. తాడు కట్టని మూల కూలిపోయి, చిన్నపోలయ్య బిడ్డ చచ్చిపోయింది. అమ్మవారు చూస్తూ ఊరుకుంటుందా, ఆయన రెండు కళ్ళూ తీసుకుని, కుడి భుజం విరిచి వదిలిపెట్టిందట. వలలు బాగుచేసుకుంటూ చెబుతారు, ఎండు చేపలు తిరగేస్తూ చెబుతారు. పక్క పాలేల నుంచి కోడళ్ళుగా వచ్చి, ఆయన ముఖమైనా చూడనివాళ్ళు కూడా కళ్ళతో చూసినట్టే చెబుతారు.

ఆ గుంపులో పోలేరయ్య మనవరాలు కామాక్షమ్మ ఉంటే గొంతు కొంచెం తగ్గిస్తారు. అంతకన్నా మర్యాద చెయ్యరు. ఆమె తల ఎత్తదు. చేతిలో పని ఏదుంటే అది చేసుకుంటూ ఉంటుంది.

పోలేరయ్య తెప్పలు కట్టేవాడు. వేటకు పోవడం ఆయన ఈడు మగవాళ్ళందరూ చేసిన పనే. తెప్పకు మాను ఎంచడం మాత్రం చుట్టుపక్కల ఏడు పాలేలలో ఆయన ఒక్కడి పని. మలబారు వైపు నుంచి మద్రాసు మీదుగా తేలిక మాను దుంగలు వచ్చినప్పుడు ఆయనను వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. ఆయన దుంగ పక్కన గొంతుకూర్చుని అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసదాకా రాసేవాడు. వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించేవాడు. గోరు దించి చూసేవాడు. చివరికి బెత్తెడు ముక్క కోయించి నీళ్ళలో వేసి, పైకి తేలినంత మేర వేళ్ళతో కొలిచేవాడు. నాలుగు వేళ్ళు తేలితే తెప్పకు, మూడైతే గుడిసె వాసాలకు, రెండే తేలితే పొయ్యిలోకి. ఆయన ఎంచిన మాను మీద పోయినవాళ్ళు నీళ్ళలో పడ్డారేమో గాని, తెప్ప మునిగి పోయినవాళ్ళు లేరు.

కామాక్షమ్మ ఆయన దగ్గరికి పదమూడో ఏట వచ్చింది. అంతవరకు దొరవారిసత్రంలో మేనమామ ఇంట్లో ఉండి అయిదో తరగతి చదివింది. తల్లి పోయాక ఇంట్లో కుండ దించేవాళ్ళు లేరని తండ్రి వచ్చి తీసుకువచ్చాడు. తెచ్చిన ఏడాదికే తండ్రి మద్రాసు రేవులో కూలికని పోయి అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. తాత, మనవరాలు మిగిలారు. వచ్చిన కొత్తల్లో, ఎండు చేపలు చుట్టి వచ్చిన కాగితం ముక్కను ఆమె పైకి చదివితే చిన్నపోలయ్య పగలబడి నవ్వి, "మన పాలెంలోకి కలెక్టరమ్మ దిగింది రా" అన్నాడు. చాలా కాలం అందరూ ఆమెను అదే పేరుతో పిలిచారు. ఆ తరవాత ఆమె పెదవి కదపకుండా చదవడం నేర్చుకుంది.

మాట్లాడని మనిషికి కనపడేవి ఎక్కువ. తాత గడప దాటేముందు కాలితో తడుముకోవడం ఆమె చూసింది. ఎదురొచ్చిన మనిషి నోరు విప్పేదాకా తాత పలకరించడని చూసింది. అన్నంలో ముల్లు ఏరుకోవడం మాని, చేప ముట్టకుండా పులుసు మాత్రం పోసుకోవడం చూసింది. ఒకనాడు ఆమె కంచంలో ముళ్ళు తీసిన చేప పెట్టింది. ఆయన వేళ్ళతో తడిమి చూశాడు.

"కుడి కన్ను పోయి రెండేళ్ళయింది మే," అన్నాడు. "ఎడమది కూడా పోతుండాది. ఎవురికీ చెప్పబాక. కళ్ళు లేనోడి చేత తెప్ప ఎవురు కట్టించుకుంటారు?"

ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి ఆయన ఎక్కడికి పోయినా అన్నం మూట పట్టుకుని వెంట నడిచేది. దారిలో గుంట వస్తే దగ్గేది. ఎదురుగా పెద్దమనిషి వస్తుంటే, "ముత్యాలయ్య తాత వస్తుండాడు, కొంగు సర్దుకోవాల," అని తనలో తాను అనుకున్నట్టు అనేది. ముసలాయనకు మనవరాలంటే ఎంత ప్రాణమో అని ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు.

1961లో పాలేనికి బడి వచ్చింది. పంచాయతీ సమితి వాళ్ళు ఇటుక, పెంకు, తాటి దూలాలు ఇచ్చారు. గది లేస్తే అయ్యవారిని పంపుతామన్నారు. గదిలో అటక ఒకటి ఉండాలని పాలెం పెద్ద ముత్యాలయ్య పట్టుబట్టాడు. కార్తీకంలో గాలివాన తిరగబడితే సముద్రం గుడిసెల్లోకి వస్తుంది. అటక ఉంటే పిల్లలను, ముసలివాళ్ళను, నాలుగు బస్తాల బియ్యాన్ని పైకి ఎక్కించుకోవచ్చు. అటక కావాలంటే చెక్క మీరే తెచ్చుకోండని సమితి ఓవర్సీరు అన్నాడు. కోత చెక్క అయితే చాలా కావాలి, వడ్రంగి పని ఎక్కువ, ఇప్పుడు ప్లైవుడ్ అని పొరలు పొరలుగా అతికించిన చెక్క వస్తున్నది, మంచమంత వెడల్పు ఉంటుంది, దూలాల మీద పరిచి మేకులు కొడితే అయిపోతుంది అని చెప్పి, కొలతలు కాగితం మీద రాసిచ్చి పోయాడు.

"చెక్క అంటే ఇంకెవురు? పోలేరయ్య పోతాడు," అన్నాడు ముత్యాలయ్య.

బండి చిన్నపోలయ్యది. ఆయన పోలేరయ్యకు మేనల్లుడి వరస. కంఠం పెద్దది, నవ్వు పెద్దది, కడుపులో ఏదీ దాచుకోడు. ఇంట్లో నాలుగేళ్ళ కూతురు పేరమ్మ అంటే ప్రాణం. "బడి కట్టేది నా బిడ్డ కోసరమే మామా," అని తోవ పొడుగునా చెబుతూనే ఉన్నాడు. కామాక్షమ్మ బండి వెనక వైపు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. చిల్లకూరు దాటాక తారురోడ్డు మీద అభ్రకం పొడి ఎండకు మెరుస్తున్నది. తాత ముఖం అటు తిప్పాడు. ఆ మెరుపు మాత్రం ఆయనకు తెలుస్తున్నదని ఆమెకు అర్థమయింది.

కొట్టు రైలు గేటు దగ్గర. యజమాని ఊళ్ళో లేడు. గుమాస్తా హజరత్తయ్య భోజనానికి లేవబోతూ వీళ్ళను చూసి మళ్ళీ కూర్చున్నాడు. ఓవర్సీరు కాగితం చూసి, లోపల గోడకు ఆనించిన రెండు దొంతరలు చూపించాడు.

"మీరు చెప్పిన మందంలో రెండు రకాలుండాయి. ఏది కావాలో మీరే చెప్పండి. అట్ట మీద రాసుండాది, చూసుకోండి. ఆనక నా మీదికి రాబాకండి."

ప్రతి దొంతరకు ఒక అట్టముక్క పురికొసతో కట్టి వేలాడుతున్నది. చిన్నపోలయ్య రెండు అట్టలనూ కిందనుంచి పైకి, పైనుంచి కిందికి చూసి, తల పంకించాడు. "ఆఁ, చూసినాంలే," అన్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు.

పోలేరయ్య మొదటి దొంతర దగ్గర గొంతుకూర్చున్నాడు. ఆ చెక్క బరువు. అంచున పొరల మధ్య జిగురు నల్లగా గీత గీసినట్టున్నది. మందుల కొట్టు వాసన. గోరు దించితే దిగలేదు. ఆయన ముఖం చిట్లించాడు. రెండో దొంతర చెక్క తెల్లగా, మెత్తగా, తేలికగా ఉంది. దాని మీద అరచేయి ఆనించగానే ఆయన ముఖంలో ఏదో తేటపడింది. అలవాటైన చోటికి వచ్చినట్టున్నాడు.

"ముక్కలుంటే రెండిట్లో ఒక్కొక్కటి ఇయ్యి నాయనా. నీళ్ళ తొట్టి యాడుండాది?"

గుమాస్తా కోత ముక్కలు రెండు ఇచ్చాడు. కొట్టు బయట ఎద్దులకు నీళ్ళు పెట్టే తొట్టి ఉంది. పోలేరయ్య రెండూ అందులో వేశాడు. బరువు చెక్క నీళ్ళకు సమంగా, వీపు మాత్రం కనపడేట్టు ఉంది. తెల్లది తేలింది. ఆయన వేలు పెట్టి కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"ఏంది మామా, అటక ఎక్కి వేటకు పోదామనా?" అన్నాడు చిన్నపోలయ్య. గుమాస్తా కూడా నవ్వాడు.

పోలేరయ్య నవ్వలేదు. "ఉప్పెన వచ్చినపొద్దు గోడ నిలబడతదో పడతదో ఎవురికి తెలుసు? అంతా కొట్టుకుపోయినా బిడ్డలు పట్టుకునేదానికి ఒక చెక్క తేలాల. మునిగే చెక్క నా చేత్తో నేను ఎంచను."

చిన్నపోలయ్య నవ్వు ఆపాడు. ఆ మాట ఆయనకు నచ్చింది. సముద్రం మీద బతికే ఎవరికైనా నచ్చుతుంది. మంచి చెక్క అంటే తేలేదే. ఆ పాలెంలో పుట్టినవాళ్ళెవరికీ వేరే కొలత తెలియదు. తేలేది వేరు, తడికి ఆగేది వేరు అని వాళ్ళకు ఎందుకు తోస్తుంది? దుంగకు పొరలుండవు గదా, విడిపోవడానికి.

కామాక్షమ్మ అప్పటికి అట్టలు రెండూ చదివింది. నల్ల సిరాతో గుండ్రని తెలుగు అక్షరాలు. బరువు చెక్క మీద, 'తడికి ఆగును.' తెల్ల చెక్క మీద, 'పెట్టెలకు, లోపలి కప్పులకు. తడి తగలరాదు.' తప్పు చదివానేమోనని రెండోసారి చదివింది. ఎంత జాగ్రత్తపడినా ఈసారి పెదవులు కదిలినట్టున్నాయి. గుమాస్తా ఆమెనే చూస్తున్నాడు.

"ఏమ్మే, సదువొచ్చా నీకు?"

ముగ్గురు మగవాళ్ళూ ఆమె వైపు తిరిగారు. చిన్నపోలయ్య మూతి అప్పుడే నవ్వుకు సిద్ధమవుతున్నది. కలెక్టరమ్మ అన్న మాట ఆయన నాలుక కొసన ఉంది. తాత మటుకు ముఖం కొంచెం పక్కకు పెట్టి, ఆమె గొంతు కోసం చెవి నిలిపి ఉన్నాడు. ఆ చేతులు తప్పు చెబుతాయా, దారానికి కట్టిన అట్టముక్క నిజం చెబుతుందా? ఆమె పైట అంచు నోటికి అడ్డం పెట్టుకుని, రాదన్నట్టు తల ఊపింది. "ఎప్పుడో మరిచిపోయినట్టుండాది," అని చిన్నపోలయ్య నవ్వేశాడు.

బండిలో చెక్క సర్దించే పని చిన్నపోలయ్యకు వదిలి, తాత, మనవరాలు బజారులోకి పోయారు. కంటి డాక్టరు ఇల్లు రెండు వీధులవతల, మేడ ఇల్లు. డాక్టరు దీపం పెట్టి చూసి, నరం ఎండిపోయింది, ఆపరేషనుకు లొంగదు, ఎడమ కన్ను కూడా ఏడాదిలో పోతుంది అన్నాడు. ఎండా గాలీ తగలనివ్వొద్దని చెప్పాడు. మందు చుక్కలకు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే కామాక్షమ్మ దారిలో కొత్త తువ్వాలు ఒకటి కొని, తాత తల మీదుగా నుదురు కప్పేట్టు వేసింది.

"ఏంది మామా, పెళ్ళికొడుకువైనావే?" అన్నాడు చిన్నపోలయ్య వాళ్ళను చూసి.

"ఎండగా ఉండాది లే."

తిరుగు దారిలో ఆమెకు చెప్పాలనిపించింది. చిల్లకూరు దగ్గర ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి చిన్నపోలయ్య దిగిపోయాడు. ఇద్దరే ఉన్నారు. ఆమె నోరు తెరవబోయే ముందు తాత పక్కనున్న చెక్క మీద అరచేయి రాస్తూ, "పోతే పోనీలే మే," అన్నాడు. "కళ్ళు పోయినా చేతులుండాయి."

ఆమె నోరు మూసుకుంది.

అటక బాగా కుదిరింది. నిలబడిన మనిషి తలకు జానెడు ఎత్తున, గది సగం మేర, తెల్లగా మెరుస్తూ. పాలెమంతా వచ్చి చూసింది. ముత్యాలయ్య నిచ్చెన ఎక్కి పైన గంతులు వేసి చూపించాడు. అయ్యవారు వచ్చాడు, ఈశాన్యం మూల ఆయన కూర్చోవడానికి మూరెడు ఎత్తున ఇటుకల అరుగు కట్టారు. బడి ఊడ్చే పని కామాక్షమ్మకు ఇచ్చారు.

రెండో ఏడు వానలకు పెంకుల సందుల్లోంచి నీళ్ళు దిగాయి. ఒక పొద్దున ఊడుస్తూ పైకి చూస్తే అటక అడుగున చెక్క పొంగి ఉంది, కాలిన చర్మం పొక్కినట్టు. చీపురు కొసతో తాకితే పై పొర కాగితంలా ఊడివచ్చింది. ఆమె పోయి తాతను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది. అప్పటికి ఎడమ కంటిలో కూడా వెలుతురు, నీడ తప్ప ఏమీ లేవు. ఆయన చెయ్యి ఎత్తి ఆ పొక్కును తడిమాడు. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. మరొకచోట నొక్కాడు. మళ్ళీ ఇంకొకచోట.

చెయ్యి దించి, "ఆ పొద్దు అట్ట మీద ఏందో రాసుండాది అన్నాడే గుమాస్తా," అన్నాడు. "నువ్వేమన్నా చూసినావా?"

"చూళ్ళేదు తాతా."

ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం తువ్వాలు తలకు చుట్టుకుని ముత్యాలయ్య ఇంటికి పోయాడు. అక్కడ సమితి మనుషులు ఉన్నారు. ముత్యాలయ్య వాళ్ళతో, "ఈయన చేతులే మా పాలెం. ఈయన పట్టి చూసినాక ఇంకో మాట లేదు," అని చెబుతున్నాడు. పోలేరయ్య అరుగు మీద కొంతసేపు కూర్చుని, మజ్జిగ తాగి, ఒక్క మాటా చెప్పకుండా ఇంటికి వచ్చాడు.

మరునాటినుంచి కొబ్బరి తాడు పేనడం మొదలుపెట్టాడు. తెప్ప దుంగలను కట్టినట్టే అటక చెక్కలను దూలాలకు కలిపి అల్లి కడితే, పొరలు విడిపోయినా బరువు తాళ్ళ మీద ఆగుతుందని ఆయన ఆలోచన. అయ్యవారు రాకముందు పొద్దున్నే పోయి, చేతులెత్తి, తడుముకుంటూ, ఒక్కొక్క జానా కట్టుకుంటూ వచ్చేవాడు. నిచ్చెన వైపు ఎక్కువ మంది తొక్కుతారని అక్కడ మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే, "గాలికి అదరకుండా," అనేవాడు. చెక్క ఎంచడంలో తప్పు చేశానని ఒక్క మనిషితో అనలేదు. నలభై ఏళ్ళు ఏడు పాలేలు నమ్మిన చేయి తప్పు చెప్పిందని ఆయన నోటితో ఆయన అనలేకపోయాడు. ఆయన తప్పు ఏదైనా ఉంటే అదే.

కార్తీకం వచ్చేసరికి మూడు వంతులు అయింది. ఈశాన్యం మూల మిగిలింది. తాడు చాలలేదు. ఇంటి ముందు పీచు నానబెట్టి ఉంది.

గాలివాన ఒక శుక్రవారం తెల్లవారగానే పట్టుకుంది. పొద్దెక్కేసరికి ఏరు వెనక్కి పారుతున్నది. తరవాత సముద్రమే వచ్చింది. గుడిసెలు నానిన అట్టపెట్టెల్లాగా కూలిపోతుంటే జనం బడిలోకి పరుగెత్తారు. మోకాటి లోతు, చూస్తుండగానే నడుము లోతు. నిచ్చెన దగ్గర పోలేరయ్య నిలబడి దొరికినవాళ్ళను దొరికినట్టు పైకి తోస్తున్నాడు. పక్కనే ఉంది కనుక కామాక్షమ్మను ముందు ఎక్కించాడు. ఆమె ఎక్కి, తాళ్ళు కట్టిన వైపు, నిచ్చెన మొదట్లోనే కూర్చుంది.

"ఈశాన్యం మూలకు పోబాకండి," అని ఆయన అరుస్తున్నాడు. పెంకులు లేచిపోతున్న మోతలో ఎవరికి వినపడింది, ఎవరికి వినపడలేదు? చివరగా ఎక్కినవాళ్ళకు అక్కడ తప్ప చోటు లేదు. చిన్నపోలయ్య పెళ్ళాం మాలకొండమ్మ ఆరేళ్ళ పేరమ్మను ఒళ్ళో పెట్టుకుని అందరిమీదుగా పాకుతూ ఆ మూలకే పోయింది. చిన్నపోలయ్య బయట ఎద్దుల తాళ్ళు కోస్తున్నాడు.

కామాక్షమ్మ తాత కోసం కిందికి చూసింది. నిచ్చెన దగ్గర లేడు. నీళ్ళు, చీకటి తప్ప కనపడలేదు. ఇప్పుడైనా అరవాలి, ఆ మూలన ఉన్నవాళ్ళు ఇటు రండి, ఆ చెక్క నిలవదు, నేను చదివాను అని. అరిచింది కూడా. తన గొంతు తనకే వినపడలేదు. అంత చిన్న గొంతు అది, ఎన్నడూ వాడని గొంతు.

విరిగిన చప్పుడు పెద్దది కాదు. తడిసిన అట్ట చినిగినట్టు చినిగింది. అయిదుగురు పడ్డారు. నలుగురిని జుట్లు పట్టి లాగారు. పేరమ్మ దొరికేసరికి ఆలస్యమయింది. తలుపు వైపు కొట్టుకుపోయిన చెక్కల కింద పోలేరయ్య దొరికాడు, కుడి భుజం ఎముక విరిగి, చేయి ఊగిపోతూ. విడిపోయిన తెల్ల పొరలు గదినిండా నీళ్ళమీద తేలుతున్నాయి. ఆయన చెప్పినట్టే తేలాయి.

నీళ్ళు తీసిన మరునాడు చిన్నపోలయ్య అటక కిందికి పోయి తాళ్ళు చూశాడు. ఒక్కొక్క ముడీ తడిమి చూసి, మూల దగ్గర ఆగిపోయాడు.

"ఈడదాకా కట్టి ఈడ ఆపినాడు," అన్నాడు. "తన మనవరాలు కూర్చున్న కాడ కట్టినాడు, నా బిడ్డ కూర్చున్న కాడ ఆపినాడు. అందరూ పైనుంటే ఈయన కింద ఏం చేస్తుండినాడు? తలుపు తీసుకుని పారిపోబోయినాడు. కొత్త తువ్వాలు యాడిదో ఇప్పుడు అర్థమయింది నాకు."

అంతే. తరవాత ఎవరూ ఏమీ కలపనక్కర లేకపోయింది, కళ్ళ సంగతి తప్ప. ఆయన గుడ్డివాడని బయటపడ్డాక అది కూడా వచ్చి చేరింది.

పోలేరయ్య ఆ తరవాత రెండున్నరేళ్ళు బతికాడు. భుజం వంకరగా అతుక్కుంది. తెప్ప కట్టమని ఎవరూ పిలవలేదు. కామాక్షమ్మ రోజూ ఆ భుజానికి నూనె రాసేది. రాస్తున్నంతసేపూ అట్ట సంగతి నోటిదాకా వచ్చేది. ఆ పూట కింద ఏం చేస్తున్నావు తాతా అని కూడా అడగాలనుకునేది. ఒకటి అడిగితే రెండోది చెప్పాలి. అడగలేదు, చెప్పలేదు. 1966లో, వైశాఖంలో ఆయన పోయాడు. మోసేందుకు నలుగురు దొరకడానికి మధ్యాహ్నమయింది. చిన్నపోలయ్య రాలేదు.

పదకొండో రోజు దాటాక కామాక్షమ్మ చెలమ దగ్గర మాలకొండమ్మకు ఎదురుపడింది. ఎండాకాలం, ఇసక గుంటలో నీళ్ళు ఊరడానికి చాలాసేపు పడుతుంది. ఇద్దరే ఉన్నారు. మాలకొండమ్మ చిప్పతో నీళ్ళు తోడుతూ తల ఎత్తలేదు.

"అత్తా," అంది కామాక్షమ్మ. "ఒక మాట."

"చెప్పు."

"గూడూరు కొట్లో అట్ట మీద రాసుండింది. తడి తగలరాదని. తాతకు అప్పుటికే కళ్ళు లేవు. మామకు సదువు రాదు. నేను చదివినాను. సదువొచ్చా అని అడిగితే రాదన్నాను."

చిప్ప ఆగింది. కొడుతుందనుకుంది కామాక్షమ్మ. కొడితే బాగుండుననుకుంది.

"ఇంకెవురికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పబాక. మీ మామకు అసలే చెప్పబాక." మాలకొండమ్మ గొంతులో కోపం లేదు, ఇంకేమీ కూడా లేదు. "పోయినోణ్ణి తిట్టుకుంటే ఆయనకి తగలదు. నువ్వు రోజూ నీళ్ళకాడ కనపడతావు. నిన్ను తిట్టుకుంటా నేను ఎట్ట బతకాల?"

కుండ నిండింది. ఆమె చుట్టకుదురు తల మీద పెట్టుకుంది గాని కుండ ఎత్తలేదు.

"నేనూ ఒకటి దాచినాను," అంది. "ఆ పొద్దు మా కింద చెక్క కుంగింది. ఒక్కసారి కుంగి, ఆగింది. సందులోంచి చూసినాను. మీ తాత అయ్యవారి అరుగెక్కి ఉండాడు. కదలబాకండి, నేను పట్టుకొనుండాను అన్నాడు. గస పెడతా అన్నాడు. ఎంతసేపో తెలీదు. పేరమ్మ వేలుపెట్టి ఆయన తల తాకింది గూడా."

"ఎందుకు చెప్పలేదు అత్తా?"

"చెప్తే నేనెవురిని తిట్టుకోవాల?"

ఆమె కుండ ఎత్తుకుని పోయింది. కామాక్షమ్మ కుండలోకి నీళ్ళు ఇంకా ఊరవలసి ఉన్నాయి.

ఇద్దరూ ఆ తరవాత ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాలెంలో కథ మారలేదు. అటక కూలినప్పుడు పోలేరయ్య తలుపు దగ్గర లేడు. తాడు కట్టని మూల కింద, నీళ్ళలో, అరుగు మీద నిలబడి, కుడి భుజం చెక్కకు ఆనించి ఉన్నాడు.